ఎడమచేతి మెలి

26-4-1959, ఆదివారం, చెన్నూరు

దసలిపట్టు తాను మగ్గం దిగింది. ఏడు గజాలు. అంచులో మూడు పోగులు తెగితే అతికాను. ఎండ విపరీతం. బాలలక్ష్మికి నాలుగేళ్ళు నిండాయి. నర్మద పాయసం చేసింది.

సాయంత్రం సీమోను వచ్చాడు. మిషన్ బంగళాలో వంటమనిషి. ఎండలు ముదరగానే దొరసానమ్మ కూనూరు కొండలకు పోతుంది, వెంట ఇతను పోతాడు. ఈసారి ప్రయాణానికి తువ్వాల కొనడానికి వచ్చి, అరుగు మీద కూర్చుని టీ తోటల ముచ్చట్లు మొదలుపెట్టాడు. మనిషి మాటకారి.

"నిరుడు గాడ మనోడొకడు కలిసిండే అంబదాసన్నా. తేయాకు ఫ్యాక్టరీల. 'ఏ ఊరే మీది' అని మన మాటే మాట్లాడె. నాకైతే పానం లేచొచ్చింది. మాది మంచిర్యాల, నీది ఏ ఊరే అంటె చెప్పడు. గోనెపట్టలు చిరిగితె అతుకుతడు. సూదితోని కాదు, బూడిదతోని. ఒక్కొక్క పోగు తీసి మెలి వెడ్తడు. అదీ ఎడమచేత్తోని."

చంద్రవ్వ మూలకు కూర్చుని కండెలు చుడుతున్నది. రాట్నం ఆగింది.

"ఏ చేత్తోని?" అని అడిగింది.

"ఎడమచేత్తోనవ్వా."

మళ్ళీ రాట్నం చప్పుడు వినబడలేదు. తువ్వాల ఒకటి అమ్మాను.

27-4-59

జరిగినది జరిగినట్టు రాసి పెట్టుకోవడం మంచిది.

చంద్రవ్వ కొడుకు ముత్యం చచ్చిపోయాడు. నలభై ఎనిమిది శ్రావణంలో, రజాకార్ల గడబిడలో, ప్రాణహిత దాటి సిరోంచకు పోతుండగా పడవ తిరగబడింది. ఆ పడవ నడిపినవాడు సిరోంచ సంతలో నాతో స్వయంగా చెప్పాడు. ఎర్ర తలపాగా మనిషి. కులపెద్దల ముందు నేను అదే చెప్పాను. శవం దొరకనివాడి కోసం పన్నెండేళ్ళు చూడాలి, చూసిన సాక్షి ఉంటే అక్కరలేదు అన్నారు. ఐదో ఏట మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేశారు. మూడు వందల అరవై ఆకులు. నేనే అడవికి పోయి లెక్కపెట్టి కోసుకొచ్చాను. మరుసటేడు ముత్యం భార్య నర్మద నాకు మారుమనువు వచ్చింది. నర్మద నా మేనమామ బిడ్డ. పుట్టినప్పుడు నాకే అనుకున్నారు. తర్వాత మనసు మార్చుకుని ముత్యానికిచ్చారు.

ఇందులో తప్పేమీ లేదు. ఎడమచేతివాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు.

28-4-59

ఎడమచేతివాళ్ళు చాలామంది ఉంటారు.

30-4-59

చంద్రవ్వ పొద్దున్నే వచ్చింది. కళ్ళకు పొర కమ్మింది. గోడ పట్టుకుని నడుస్తుంది. కండెలు మాత్రం వేళ్ళతోనే చూసి చుడుతుంది. తన ఇంట్లో ఒక్కతే ఉంటుంది. పదకొండేళ్ళుగా తిండికీ బట్టకూ నేనే చూస్తున్నాను. ఎవరినడిగినా చెబుతారు.

"సీమోను పోతుండు గదా. నువ్వు గూడ వోయి సూసి రా బిడ్డా."

"అవ్వా, సాక్షి ఉన్నది. పడవ మనిషి..."

"పడవ మనిషి నీకు చెప్పిండు. నాకు చెప్పలే."

బొమ్మ కాల్చిన రోజు కూడా ఆమె రాలేదు. ఇంటి ముందు నిలబడి, "మీ ఆకులు మీరు కాల్చుకోండ్రి" అన్నది. ఆ మాట ఈరోజు గుర్తుకొచ్చింది.

నేను నర్మద వైపు చూశాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది. తల ఎత్తకుండానే, "పోయి రా బావా. అత్త పానం కుదుటపడ్తది" అన్నది.

అత్త అన్నది. పాత అలవాటు.

5-5-59

పోవడానికే నిర్ణయించాను. కొండల మీద దొరసానులు దసలిపట్టు కొంటారని సీమోను అంటున్నాడు. ఎనిమిది తాన్లు కట్టాను. అసలు పని అదే.

7-5-59, గురువారం

మంచిర్యాలలో రైలెక్కాం. దొరసానమ్మ ముందు పెట్టెలో, మేము వెనక. రైలు గోదావరి వంతెన దాటుతుంటే సీమోను దండం పెట్టాడు.

"నువ్వు కిరస్తానపోనివి, నీకెందుకే దండం?" అన్నాను.

"వంతెనకు వెట్టిన అన్నా. కూలకుండ ఉండాలె గద."

10-5-59, ఆదివారం, కూనూరు

మూడు రాత్రులు రైళ్ళలో. ఇవాళ పొద్దున చిన్న రైలు. పట్టాల నడుమ పళ్ళున్న ఇనుప కమ్మీ, దాన్ని పట్టుకుని కొండ ఎక్కుతుంది. ఒక పక్క అడవి, ఒక పక్క లోయ. ఎక్కేకొద్దీ చలి. పైకి వచ్చాక చెట్లు పోయి అంతా టీ తోటలే. నడుము ఎత్తు పొదలు, పైభాగం చదునుగా కత్తిరించి, కొండ వంపులన్నీ పాయలు తీసి దువ్వినట్టు ఉన్నాయి. చూస్తుండగానే కింది నుంచి మంచు లేచి తోటను మింగేసింది. ఆకు కోసే ఆడవాళ్ళు వీపున గంపలతో కనబడుతున్నవాళ్ళు కనబడకుండా పోయారు. మాటలు మాత్రం వినబడ్డాయి.

నాకు చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"దుప్పటి తెచ్చుకో అంటె తెచ్చుకోకపోతివి," అన్నాడు సీమోను. "పట్టు తాన్లు తెచ్చినవ్ గదా, కప్పుకో. ఊరంత సూస్తది, ఏ దేశం రాజో అని."

బంగళా వెనక వంటింటి పక్క గదిలో పడక.

11-5-59

మూడు తాన్లు అమ్ముడుపోయాయి. ఫ్యాక్టరీ ఇక్కడికి మైలున్నర. పోవడానికి తీరిక లేదు.

12-5-59

మంచు. దారి కనబడలేదు. పోలేదు.

సిరోంచ సంతలో ఆ పడవవాడి ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాను. తలపాగా తెల్లదేమో. ఎండలో ఏ రంగైనా ఒకటే.

13-5-59

మంచు.

14-5-59, గురువారం

సీమోను ఊరుకోలేదు. "గింత దూరం పట్టు అమ్మనీకె వచ్చినవా? ముసలవ్వకు ఏం చెప్తవ్?" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

ఫ్యాక్టరీ మూడంతస్తుల రేకుల కట్టడం. లోపల పచ్చి ఆకు వాసన, తడి గడ్డీ కాలిన బెల్లమూ కలిపినట్టు. ఆ మనిషి లేడు. లారీ వెంట కింది తోటకు పోయాడట, సాయంత్రం వస్తాడట. కావలివాడు అరవంలో చెబితే సీమోను అర్థం చెప్పాడు. నాకు ఊపిరి ఆడింది.

"అతను పని చేసే జాగ సూసిపోదాం," అన్నాడు సీమోను.

పై అంతస్తుకు ఎక్కాం. పొడవాటి సాల. వరుసలు వరుసలుగా గోనెపట్టలు బిగించి, వాటి మీద ఆకు వాడబెట్టారు. సీమోను కిటికీ దగ్గర లోయ చూస్తున్నాడు. నేను ఒక పట్ట దగ్గర వంగాను. జానెడు చిరుగు. కుట్టలేదు. తెగిన ప్రతి పోగుకూ కొత్త పోగు అతికి, నేతను నేతగా తిరిగి నిలబెట్టాడు. గోనెకు ఎవరు చేస్తారు అంత పని? వేలితో తడిమాను. బూడిద అంటింది.

మా వాళ్ళందరం అతుకు వేసేటప్పుడు బొటనవేలు ముందుకు తోస్తాం. కుడిచేయి. పోగు ఒక దిక్కుకే మెలి తిరుగుతుంది. ఎడమచేతివాడిది ఎదురు తిరుగుతుంది. ముత్యం, నేను పదేళ్ళ వయసు నుంచి ఒకే మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చున్నాం. అతని మెలి మీద నా వేలు పడితే, చీకట్లోనైనా తెలుసు. మెలి చివర రెండు గోళ్ళతో నొక్కి వదిలే అలవాటు అతనిది. గోనె మీద కూడా నొక్కాడు.

ఇంకో పట్ట చూశాను. ఇంకోటి. అన్నీ.

"ఏందే, మనోడేనా?" అని సీమోను అడిగాడు.

"కాదు," అన్నాను.

15-5-59

ఇంకో నాలుగు తాన్లు పోయాయి. ఒకటే మిగిలింది. ఆదివారం రైలుకు పోతానని సీమోనుతో చెప్పాను. మనిషిని చూడకుండానే కాదని ఎట్లా అంటావని అడిగాడు. పని చూస్తే తెలుస్తుందన్నాను.

అబద్ధం కాదు.

16-5-59, శనివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మధ్యాహ్నం తోట దారిన బంగళాకు వస్తున్నాను. మంచు దట్టంగా ఉంది. ఎదురుగా ఎవరో నిలబడ్డారు. గొడుగు, పాత కోటు, కాళ్ళకు చెప్పులు లేవు. నేను పక్కకు తప్పుకున్నాను. ఆ మనిషి కూడా అటే జరిగాడు.

"ఏమ్రా అంబదాసూ. సాలల్ల నా గోనెలన్ని పిసికి పిసికి సూసినవంట. గుర్తువట్టలేవా?"

గొంతు ఏమీ మారలేదు. జుట్టు నెరిసింది. కావలివాడు చెప్పాడట, పట్టు తాన్ల మనిషి వచ్చి ప్రతి పట్టనూ తడిమి పోయాడని.

నేను ఏం మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు. ముత్యమే మాట్లాడాడు. సిరోంచ, చాందా బొగ్గు గనులు, బొంబాయి మిల్లు, అక్కడ పరిచయమైన అరవ మనిషి వెంట ఈ కొండలు. ఇక్కడికి వచ్చి నాలుగేళ్ళు. ఒక్కడే ఉంటున్నాడు. చెబుతూ చెబుతూ ఆగాడు.

"అవ్వ ఉన్నదా?"

మంచులో ఆకు కోసేవాళ్ళు ఎవరినో పిలుస్తున్నారు. నాకు నర్మద బియ్యం ఏరుతున్న చేతులు కనబడ్డాయి. బాలలక్ష్మి కనబడింది. ఇతను రేపు రైలెక్కితే, నాలుగు రోజుల్లో మా వాకిట్లో నిలబడతాడు.

"పోయింది," అన్నాను.

"ఎప్పుడు?"

"మూడేండ్లయింది."

ముత్యం గొడుగు ముడిచాడు. ముడిచి మళ్ళీ విప్పాడు. దారి పక్కన రాయి మీద కూర్చున్నాడు.

"నర్మద సంగతి నాకెర్కే. చాందా సంతల బట్టలమ్మెటోడు చెప్పిండు, ఐదేండ్లయింది. నువ్వు పరేషాన్ గాకు. ఇయ్యాల పోదాం, రేపు పోదాం అనుకుంట ఆరేండ్లు పోగొట్టుకున్నది నేను. దాని బతుకు దానికి నిలవడ్డది, నేనెందుకు పోయి ఇడగొడ్త? గా అవ్వనే జర సూసి రావాలని ఉండె. ఒక్కపూట. ఎవలకు కనవడకుండ మాపటికి పోయి తెల్లారకముందే మబ్బుల వాపసు రావాలని. ఈ ఏడు సెలవు గూడ అడిగిన." నవ్వాడు. "ఇగ సెలవెందుకు?"

అంటే నేను ఆ మాట చెప్పనక్కర లేకపోయింది.

అప్పుడే చెప్పి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు.

17-5-59, ఆదివారం

రైలు ఎక్కలేదు. ముత్యం పోనివ్వలేదు. "ఒక్కడు లేకపాయె మన కులపోడు. నువ్వుంటివి, నా అదృష్టం" అన్నాడు.

తోట బజారులో మంగలి ముత్యం తల గొరిగాడు. మీసం కూడా. చలికి నెత్తి నీలంగా కనబడింది. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత వాగు దగ్గరకు పోయి మునిగాడు. ఆ నీళ్ళలో వేలు పెట్టలేము. నువ్వులు, బియ్యం చేతిలో పోసుకుని అవ్వ పేరున మూడుసార్లు నీళ్ళు వదిలాడు.

"నువ్వు గూడ ఇడువురా. ఎనిమిదేండ్లు నువ్వే సాదినవట. నాకంటె నువ్వే కొడుకువు."

వదిలాను. చంద్రవ్వ పేరున. మూడుసార్లు.

మిగిలిన బియ్యం, నువ్వులు గోనెముక్కలో మూటకట్టి నాకిచ్చాడు. గోదావరిలో కలపమన్నాడు.

పడవవాడు లేడు. తలపాగా లేదు. సిరోంచ సంతకు నేను ఆ ఏడు పోనేలేదు.

20-5-59

రాత్రి మద్రాసు స్టేషన్లో గడిచింది. మూట సంచిలో అడుగున ఉంది.

21-5-59

రైలు గోదావరి వంతెన ఎక్కింది. మూట తీశాను. చెయ్యి కిటికీ బయట పెట్టాను. వంతెన అయిపోయింది. మూట చేతిలోనే ఉంది.

22-5-59, శుక్రవారం, చెన్నూరు

చంద్రవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది. నా అడుగు చప్పుడుకే లేచింది.

"కాదవ్వా. వేరే మనిషి. అరవాయన," అన్నాను.

"అరవాయన మన మాట మాట్లాడిండా?"

"జరంత నేర్సుకున్నడట."

"సరె," అన్నది. గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

23-5-59

మగ్గం ఎక్కాను. నాలుగు వేళ్ళ గుడ్డ కూడా నేయలేదు. బట్టలు ఉతకడానికి నర్మద సంచి తీసింది. నేను చెప్పవలసింది, నేనే ఉతుక్కుంటానని. గుర్తు రాలేదు.

కాసేపటికి మగ్గం దగ్గరకు వచ్చి నిలబడింది. అరచేతిలో మూట, విప్పి ఉంది.

"బియ్యం, నువ్వులు. ఎవలకు బావా?"

నేను మగ్గం పిడి వదిలేశాను.

ఆమె గోనెముక్క అంచు మీద బొటనవేలు నడిపింది. అంచు దగ్గర ఒక అతుకు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి. పెళ్ళయిన నాటి నుంచి అతనికి ఆరేళ్ళు పోగులు అందించింది.

"ఎట్లున్నడు?" అని అడిగింది.

24-5-59

రాత్రంతా చెప్పాను. పడవవాడి సంగతి కూడా. నర్మద ఏడవలేదు. తిట్టలేదు. తెల్లవారాక ముఖం కడుక్కుని వచ్చి కూర్చుని అన్న మాటలు ఇవి. మరచిపోకుండా రాస్తున్నాను.

"బతికున్నోనికి నా గాజులు పగులగొట్టించినవ్. బతికున్న అవ్వకు నీళ్ళు ఇడిసినవ్. నేనెవలింట్ల ఉండాల్నో మీరిద్దరు కొండ మీద కూసోని తేల్సుకునేది కాదు. నా బిడ్డ ఈడున్నది, నేనీడనే ఉంట. గని నీతోని మాట్లాడ. అత్తను తీస్కపో. గాయన ముంగట నిలవెట్టు. నువ్వేం జెప్పినవో ఆయనకు, ఆమెకు, నీ నోటితోని నువ్వే జెప్పు. రాసుడు గాదు, చెప్పుడు. చెప్పినంక వచ్చి నా మొఖం సూడు."

తర్వాత చంద్రవ్వ ఇంటికి పోయి, ముత్యం ఉన్నాడని మాత్రం చెప్పి వచ్చింది. చంద్రవ్వ ఏమన్నదని అడిగాను. నర్మద బిందె తీసుకుని నీళ్ళకు పోయింది.

27-5-59

చంద్రవ్వతో రైలెక్కాను. ఉన్నదంతా చీర చెంగులో కట్టుకుంది. వేయించిన పల్లీలు ముత్యానికట, నాకు ఒక్కటి కూడా పెట్టలేదు. పదకొండేళ్ళు ఎందుకు అబద్ధం చెప్పావని ఒక్కసారీ అడగలేదు. అడిగితే బాగుండును. మిగిలినది, నేను ముత్యంతో అన్న మాట, రైల్లో చెప్పాలి. రేపు చెబుతాను.

28-5-59

కిటికీ పక్కన కూర్చుని, "ఏమొచ్చింది? ఏటి చప్పుడా?" అని ప్రతి వంతెన దగ్గరా అడిగింది. రేపు చెబుతాను.

29-5-59

మద్రాసు. ఒళ్ళు వెచ్చబడింది. గంజి తాగించాను. ఈ స్థితిలో చెప్పకూడదు.

31-5-59, ఆదివారం, కూనూరు

చిన్న రైలులో చలికి వణుకుతుంటే మిగిలిన ఆ ఒక్క పట్టు తాను ఆమెకు కప్పాను. దాన్ని వేళ్ళతో తడిమి, "నీ నేత," అన్నది. ఇంకేమీ అనలేదు.

వాన మొదలైంది. సీమోను మమ్మల్ని చూసి నోరు తెరిచాడు. "కాదంటివి గదే!" అన్నాడు. చంద్రవ్వను చూసి ఊరుకున్నాడు. రాత్రి వేడినీళ్ళు కాచి ఆమె కాళ్ళు కడిగాడు.

1-6-59, సోమవారం

పొద్దున బయలుదేరాం. మంచూ వానా కలిసి వస్తున్నాయి. చంద్రవ్వకు మంచు అడ్డం కాదు, ఆమెకు ఎప్పుడూ మంచే. నా భుజం పట్టుకుని నా కంటే ముందు నడుస్తున్నది. దారిలో చెప్పాలని మూడుసార్లు ఆగాను. "నడువు బిడ్డా, తడుస్తున్నం," అన్నది మూడుసార్లూ.

ఫ్యాక్టరీ మెట్లు ఎక్కించాను. సాల చివర కిటికీ కింద ముత్యం ఒక్కడే, మోకాళ్ళ మీద గోనెపట్ట, పక్కన చిప్పలో బూడిద. తల మీద గోరంత వెంట్రుక మొలిచింది. మమ్మల్ని చూశాడు. లేవలేదు. చేతిలో పోగు అలాగే ఉంది. ముందు ఆమెను చూశాడు, తర్వాత నన్ను, మళ్ళీ ఆమెను.

"ఏడున్నడు?" అన్నది చంద్రవ్వ.

ముత్యం లేచి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆమె వంగింది. చేతులు ముందు అతని భుజాల మీద పడ్డాయి. ఎడమచేయి వెతికి పట్టుకుని, బూడిద అంటిన వేళ్ళను ఒక్కొక్కటే తడిమింది. చెంపలు తడిమింది. తర్వాత నెత్తి. అక్కడ చేయి ఆగిపోయింది. వెనక్కీ ముందుకూ రుద్ది చూసింది. మీసం ఉండవలసిన చోటు కూడా చూసింది.

"గుండు ఎందుకు గొరిగిచ్చినవ్ బిడ్డా?" అన్నది. "ఎవలు పోయిండ్రు?"

సాలలో ఆకు వాసన. రేకుల మీద వాన చప్పుడు. ముత్యం నా వైపు చూడలేదు. తల ఆమె చేతుల కిందే ఉంచి అన్నాడు.

"ఎవలు పోలేదవ్వా. పేన్లు వడ్డయ్. గందుకే గొరిగిచ్చిన."

"గింత సలిలనా? పిచ్చోనివే నువ్వు," అని ఆమె నవ్వింది. నవ్వుతూ పల్లీల మూట విప్పుతున్నది.

ఆ నవ్వుతో అంతా ముగిసిపోయేది. మెట్ల దాకా నడిచాను కూడా. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగాను.

"పేన్లు కాదవ్వా," అన్నాను.